గురువులు చెయ్యి

దగ్గరగా జరగండి. వెనక కూర్చున్నవాళ్ళు కూడా ముందుకి రండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. ముందు సింహాద్రి అప్పన్నని ఒక్కసారి మనసులో తలుచుకోండి... తలుచుకున్నారు కదా. ఇక వినండి.

ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీలు దాటి, వలలు బాగుచేసే జాగా దాటి, ఇంకా చివరికి పోతే నీళ్ళ ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఉంది. తలుపు మీద తుప్పు, తుప్పు మీద పసుపూ కుంకుమా, ఆ పైన ఎండి నల్లబడిన నిమ్మకాయలు. పగలు దాని నీడలో కుక్కలు పడుకుంటాయి. పొద్దు వాలితే అవి కూడా లేచిపోతాయి.

హార్బర్ జనం దాన్ని దెబ్బల షెడ్డు అంటారు.

ఎందుకంటే — అక్కడ కొడతారు.

తాగి దారి తప్పి ఆ గోడకి ఆనుకుని నిద్రపోయినవాడు ఒకడు, పెదవి చీలి, కన్ను వాచిపోయి తెల్లారి లేచాడు. పాత ఇనుముకి అమ్ముకుందామని ఇద్దరు కుర్రాళ్ళు తలుపు పెకలించి లోపలికి దూరారు. ఒకడికి ముందుపళ్ళు ఊడిపోయాయి. రెండోవాడికి దవడ ఎముక విరిగింది... తీగలు వేసి కట్టారు, పాపం, ఇప్పటికీ గంజే వాడికి అన్నం. ఇద్దర్నీ విడివిడిగా అడిగినా ఒకటే మాట. "ఎవుడో కొట్టినాడండి. సూస్తే ఎవుడూ లేడండి."

లోపల ఉన్నది ఒక పాత తెరచాప పడవ. డింగీ అంటారు. ఇద్దరు మనుషులు పట్టేంత. దానికి ఇంజను లేదు, గాలే ఇంజను. ఒకప్పుడు అక్కడ తెరచాప పడవలు నేర్పే క్లబ్బు ఉండేది, ఎన్నడో మూతపడింది. అక్కడ నేర్పే మనిషి పేరు గురువులు.

జాలారిపేట మనిషి. మాట తక్కువ. చెయ్యి మాత్రం... తాడు తప్పుగా కట్టావా, చెంప పగిలిందన్నమాటే. ఆఫీసరు కొడుకని చూసేవాడు కాదు, సొంత కొడుకనీ చూసేవాడు కాదు. ఇంట్లో చీమనైనా విదిలించని మనిషి, పడవ దగ్గరికొచ్చేసరికి రాక్షసుడైపోయేవాడు. "నాను కొడితే సెంప వాస్తాది. గంగమ్మ కొడితే శవం కూడా దొరకదు" అనేవాడు.

అన్నట్టే అయింది. హుద్‌హుద్ తుపాను నాడు లోకమంతా ఊరి లోపలికి పరిగెడుతుంటే, ఆయన పడవని కట్టేసి వస్తానని ఒడ్డుకి పోయాడు. మర్నాటికి షెడ్డు కప్పు మీద ఒక్క రేకు లేదు. పడవ మీద గీత లేదు. గురువులు లేడు.

శవం దొరకలేదు.

శవం దొరకని మనిషికి వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అతని పడవలోనే అతని బిడ్డ ఒంటరిగా హార్బర్ నోరు దాటి సముద్రంలోకి పోవాలి. ఇంజను పెట్టకూడదు. ఇంజను ఉన్న బోటు తోడు పోకూడదు. అక్కడ మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, నీ దారిన నువ్వు పో అని చెప్పి రావాలి.

భార్య పోతమ్మ పదేళ్ళు దాటినా దీనికి ఒప్పుకోలేదు. "ఆయన సచ్చిపోడం మీరు సూసినారేటి?" అని పెద్దల నోళ్ళు మూయించింది. ఆ దవడ విరిగిన కుర్రాడి తల్లి వచ్చి, వాకిట్లో కూలబడి గుండెలు బాదుకున్న రోజున మాత్రం ఆమెని చెయ్యి పట్టి లేపింది. లేపి, పెద్దలతో అంది. "పంపీండి."

పోవలసింది కూతురు అనూరాధ. తండ్రి దెబ్బలు తిని ఆ పడవ మీదే నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. అయితే పద్ధతిలో ఇంకో మెలిక ఉంది. పిలిచే మనిషి ముందురోజంతా ఉపవాసం ఉండాలి. తెల్లవారి తలస్నానం చేసేదాకా ఆ పడవ మీద చెయ్యి వెయ్యకూడదు.

చూడండి దేవుడి లీల. ఆ పడవకి స్తంభం ఎత్తడం, దాన్ని నిలిపే తీగలు కట్టడం, తెరచాప సరిచెయ్యడం తెలిసింది ఇంటిల్లిపాదిలో ఆమె ఒక్కతికే. ముట్టుకోకూడనిదీ ఆమె ఒక్కతే.

అలా ఆ పని ఆమె మొగుడు దొరబాబు మీద పడింది.

దొరబాబు స్టీల్ ప్లాంటులో రిగ్గర్. ఇనప తాళ్ళతో, గొలుసులతో, క్రేన్లతో ఏనుగుల్లాంటి బరువుల్ని గాల్లోకి లేపే పని. వైరు తాడు ముట్టుకుంటే దాని వయసు చెప్పేస్తాడు. ఆ సంగతి ఎదటివాళ్ళకి కూడా చెప్పేస్తాడు, అదొక్కటే చిక్కు.

మధ్యాహ్నం డ్యూటీకి పోతుంటే అనూరాధ గుమ్మంలో ఆపింది.

"మావా, రేపు నా పేనం ఆ తీగల మీదుంటది. మరీ బిగించీకు. గాలి తగిలే పక్క బిగుసుకుంటది, రెండో పక్క వొదులవ్వాల. పడవకి ఊపిరాడాల."

"సిమ్నీలు నిలబెట్టినోడికి సెప్తన్నావా? సీమ కుట్టినా కదల్దు, సూడు."

"కదలాలనే సెప్తన్నాను" అంది ఆమె. అతను అప్పటికే వీధి మలుపు తిరిగిపోయాడు.

రాత్రి బి షిఫ్టు దిగి, నెత్తి మీద హెల్మెట్ కూడా తియ్యకుండా, దొరబాబు తిన్నగా షెడ్డుకొచ్చాడు. సముద్రపు పోటు తెల్లారగట్ల నిండుతుంది, ఆ నీటి మీదే పడవ దించాలి. పని ఆ రాత్రే అవ్వాలి, వేరే దారి లేదు.

తోడు వచ్చింది బావమరిది ఎల్లాజీ, అనూరాధ తమ్ముడు. మరబోటు మీద వేటకి పోయేవాడు. చిన్నప్పుడు తండ్రి కొట్టిన మొదటి దెబ్బకే తెరచాపకి దండం పెట్టి, ఇంజను బోటులోకి పారిపోయిన మనిషి. అగరొత్తులు, కొబ్బరికాయ, బ్యాటరీ లైటు పట్టుకుని షెడ్డుకి దూరంగా నిలబడ్డాడు.

"లోపలికి రా బావా" అన్నాడు దొరబాబు.

"నువ్ పో. నాను లైటు ఏస్తన్నాను కదేటి."

"అక్కణ్ణుంచా? అది లైటా, లైట్ హౌసా?"

ఎల్లాజీ కాళ్ళీడ్చుకుంటూ దగ్గరికొచ్చాడు. తలుపు తీస్తే పాత వలల వాసన, ఉప్పు వాసన... వాటి వెనకాల బీడీ వాసన. అప్పుడే ఎవరో కాల్చి ఆర్పినట్టు. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు.

పడవని చక్రాల బండి మీదే, నీళ్ళలోకి వాలుగా దిగే సిమెంటు ర్యాంపు మీదికి తోసుకొచ్చారు. అల్యూమినియం స్తంభాన్ని ఎత్తి నిలబెట్టారు. పడవ ముందు నుంచి ఒక తీగ, రెండు పక్కల నుంచి చెరొక తీగ — ఆ మూడే స్తంభాన్ని పట్టి నిలిపేవి. దొరబాబు గుడ్డపీలిక తీసి తీగలన్నీ పైనుంచి కిందదాకా తుడిచాడు. ప్లాంటులో అలవాటు అది. లోపల పోగు తెగి ఉంటే గుడ్డకి పీచు పట్టుకుంటుంది. ఎక్కడా పట్టుకోలేదు.

"కొత్త పెళ్ళికూతుర్లాగుంది" అన్నాడు.

పక్క తీగల చివర బిగించే మరలున్నాయి. పానా పట్టి తిప్పడం మొదలెట్టాడు. ఎల్లాజీ పడవకి అవతలి పక్క లైటు పట్టుకుని నిలబడ్డాడు.

తిప్పాడు. తీగ బిగిసింది. ఇంకా తిప్పాడు. వేలితో మీటితే తంబురాలా మోగింది.

"సాలు బావా. అప్ప వొదులుంచమంది కదా."

"మీ అప్పకేటి తెల్సు? తీగంటే మోగాల."

ఇంకో చుట్టు తిప్పాడు —

ఫెడేల్‌మంది. నెత్తి మీది హెల్మెట్ ఎగిరి, ర్యాంపు మీద దొర్లుకుంటూ పోయి నీళ్ళలో పడింది.

దొరబాబు చెవుల్లో గీ అని మోత. తల తిప్పి చూస్తే పడవ అవతల ఎల్లాజీ, చేతిలో లైటు.

"ఏట్రా అది?"

"ఏది?"

"ఎందుకు కొట్టినావ్?"

"నానెక్కడున్నాను, నువ్వెక్కడున్నావ్? నా సెయ్యేటి, క్రేనా?"

దొరబాబు నెత్తి తడుముకున్నాడు. గాలికి ఏదో తగిలి ఉంటుంది అనుకున్నాడు. మనిషన్నవాడు ముందు అదే అనుకుంటాడు కదా. తెరచాప పైకి లాగి చూద్దాం, గాలి పట్టాక బిగువు తెలుస్తుంది, అన్నాడు. లాగారు. ఏళ్ళ తరబడి మడతలో ఉన్న గుడ్డ ఒక్కసారి గాలి తాగి టపాటపా కొట్టుకుంది. స్తంభం మూలిగింది. గాలి పక్క తీగ ఇంకా బిగుసుకుంది. రెండో పక్క తీగ వదులై వేలాడింది.

అనూరాధ చెప్పింది అదే. అలాగే వేలాడాలి. కానీ వదులు తీగని చూస్తే రిగ్గర్ ప్రాణం ఒప్పుకోదు. ఆ పక్క తిప్పాడు, మళ్ళీ వచ్చి ఈ పక్క తిప్పాడు.

ఈసారి చెంప మీద. అయిదు వేళ్ళూ విడివిడిగా తెలిసిన దెబ్బ. పన్ను కదిలి నోరంతా ఉప్పగా అయింది. ఉమ్మితే చీకట్లో నల్లగా పడింది.

దొరబాబు లేచాడు. పడవ చుట్టూ తిరిగి పోయి, మాట లేకుండా ఎల్లాజీ మూతి మీద గుద్దాడు.

లైటు కింద పడి అటు తిరిగింది. చీకటి. ఇక చూడండి ఇద్దరు బావల పెళ్ళి. ఎల్లాజీ ముక్కు చిట్లింది. లేచి తలతో దొరబాబు పొట్టలో కుమ్మాడు. ఇద్దరూ నాచు పట్టిన ర్యాంపు మీద పడి దొర్లారు. మోచేతులు, మోకాళ్ళు, గోళ్ళు... ఎల్లాజీ అతని చెవి కొరికి పట్టాడు. దొరబాబు గుప్పెట్లో అతని జుట్టు ఊడొచ్చింది.

"సముద్రాన్నొదిలీసి తుప్పు నాకడానికి పోయినోడివి, నువ్వా నన్ను కొడతావ్?"

"నీ బాబు సెంపదెబ్బకి పారిపోయినోడివి, నువ్వా మాట్లాడతావ్?"

తండ్రి మాట వచ్చేసరికి ఎల్లాజీకి ఒళ్ళు తెలియలేదు. దొరబాబు మీదెక్కి పీక పట్టుకున్నాడు. రెండు బొటనవేళ్ళూ గొంతులోకి దిగిపోతున్నాయి. దొరబాబుకి ఊపిరి అందలేదు. పక్కకి చెయ్యి చాపితే పానా తగిలింది. మూరెడు ఇనుము. ఎత్తాడు. కణత చూసుకున్నాడు. దింపితే చాలు, బావమరిది లేడు —

దిగలేదు.

అతని మణికట్టుని ఎవరో పట్టుకున్నారు.

ఉప్పునీట్లో నానిన వేళ్ళు. బిరుసుగా, చల్లగా, పాత చెట్టువేర్లలా. దొరబాబు గింజుకున్నాడు. చెయ్యి రాలేదు. అప్పుడు అతనికి వెలిగింది...

ఎల్లాజీ రెండు చేతులూ తన పీక మీదే ఉన్నాయి.

మరి ఈ చెయ్యి —

మణికట్టు మెలితిరిగింది. పానా పోయి నీళ్ళలో బుడుంగుమంది. మరుక్షణం ఇద్దరి మెడలూ చెరొక గుప్పెట్లోకి పోయాయి. కొట్టుకుంటున్న కుర్రాళ్ళని మేష్టారు పట్టుకున్నట్టు పట్టి, రెండు తలలూ ఠపీమని ఒకదానికొకటి కొట్టి, పడవకి దూరంగా ర్యాంపు పైకి విసిరేసింది ఏదో. ఇద్దరూ బోర్లా పడ్డారు.

పడ్డారో లేదో, వెనకాల తుపాకీ పేలినట్టయింది.

గాలి పక్క తీగ తెగింది.

బిగువు మీద తెగిన తీగ పాము కన్నా వేగం. వాళ్ళ తలల మీంచి ఈలవేసుకుంటూ పోయి షెడ్డు రేకుని చీల్చేసింది, కత్తితో అరిటాకు కోసినట్టు. వెంటనే స్తంభం ఒరిగింది. పడవ పక్కన దొరబాబు కూర్చుని మర తిప్పిన చోటు ఉంది చూడండి... సరిగ్గా అక్కడ, సిమెంటు పెచ్చులు లేచేలా పడింది.

తెరచాప గుడ్డ నేల మీద కాసేపు తపతపలాడి ఊరుకుంది.

ముందు లేచింది దొరబాబు. లైటు తీసుకుని, పాక్కుంటూ పోయి తెగిన కొస చూశాడు. తీగ మధ్యలో తెగలేదు. చివర లోహపు గొట్టంలోకి దూరే చోట తెగింది. పైకి వెండిలా ఉంది. గొట్టం లోపల చూస్తే, వేలితో గీకితే, ఎర్రటి పొడి. ఏళ్ళ తరబడి ఉప్పు లోపల కూర్చుని తినేసింది. గుడ్డపీలిక అక్కడిదాకా పోదు. పోదని అతనికి తెలియకపోలేదు. మోగుతున్న తీగని చూసి మురిసిపోయాడు, అంతే.

"ఇది రేపు తెగాల్సింది బావా" అన్నాడు. "సముద్రం మజ్జిన. అనూరాధ పీక దగ్గిర."

ఎల్లాజీ ముక్కు తుడుచుకుంటూ చీకటికేసి చూశాడు. చూసి, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా..." అన్నాడు.

మన అప్పన్న స్వామి ఒక్కరోజు తప్ప ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. చల్లగా, ముద్దగా. ఆ చందనం కింద ఏముందో తెలిసే కదా దండం పెడతాం. కంభం చీల్చుకుని వచ్చిన కోపం. పేగులు తీసి మెళ్ళో వేసుకున్న కోపం... అదంతా ఒక బిడ్డ కోసం వచ్చిన కోపమే. దాన్ని చూసి పారిపోవాలో, ఒళ్ళో తల పెట్టుకోవాలో మనిషికి అంత తొందరగా తెలియదు.

వాళ్ళు పారిపోలేదు. పానా లేదు, ఆ తీగల మీద నమ్మకమూ లేదు. ఎల్లాజీ బోటులోంచి కొత్త తాడు తెచ్చాడు. తీగలన్నీ తీసేసి, స్తంభం మళ్ళీ ఎత్తి, మూడు పక్కలా తాడుతోనే కట్టారు. దొరబాబు ముడి వెయ్యబోయే ముందు ప్రతిసారీ మెడ భుజాల్లోకి దించుకున్నాడు. ఒకచోట పాత బుద్ధి పోక గట్టిగా లాగాడు. చెవి మెలితిరిగింది... ఎల్లాజీ కొరికిన చెవే. "వొదిలీసేను, వొదిలీసేను" అని తాడు సడలించాడు. చెవి కూడా సడలింది.

తెల్లారగట్ల అనూరాధ తలస్నానం చేసి, తడి జుట్టుతో వచ్చింది. పక్కన పోతమ్మ. ఇద్దరు మగాళ్ళ ముఖాలూ చూశారు. ఒకడి ముక్కు వంకాయ, ఒకడి చెంప బూరె.

"ఏటి మావా ఇది?"

"నీ తీగలు తీసీసి తాడు కట్టేం. వొదులుగానే ఉంది" అన్నాడు దొరబాబు. మిగిలినది చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పోతమ్మ దగ్గరికొచ్చి, అతని చెంప మీది వాపుని ఒక్కొక్క వేలి గుర్తూ తడిమి చూసింది. చూసి, పడవకేసి తిరిగి కొబ్బరికాయ కొట్టింది. "పోనియ్. మనుషుల్ని కొట్టుకుంటా ఎన్నాళ్ళుంటాడు" అంది.

అనూరాధ ఒక్కతే ఎక్కింది. తెరచాప నిండింది. రాళ్ళగట్టు మీద నిలబడి ముగ్గురూ చూస్తున్నారు.

ఆ రోజు గాలి జోరుగా ఉంది. హార్బర్ నోటి దగ్గర పెద్ద పెద్ద మరబోట్లే ఊగుతున్నాయి. బక్కపలచని మనిషి ఒక్కతే ఉన్న పడవ, ఆ గాలికి పక్కకి ఒరిగిపోవాలి. ఒరగలేదు. నీళ్ళలోకి బరువుగా దిగి, గీత గీసినట్టు తిన్నగా పోతోంది. బరువులు చూసి బతికే కన్ను దొరబాబుది. అనూరాధ పక్కన, పడవ అంచు మీద, ఇంకో మనిషి బరువు ఉంది. కంటికి మాత్రం ఆమె ఒక్కతే.

పడవ నోరు దాటింది. చిన్నదైంది. కనపడకుండా పోయింది.

ఎంతసేపో మరి. దొరబాబు ఎన్ని దేవుళ్ళకి మొక్కాడో అతనికే తెలియదు. చివరికి తెరచాప కనిపించింది.

వచ్చే పడవ పోయిన పడవలా లేదు. తేలికైపోయింది. ప్రతి గాలికీ ఒరిగిపోతోంది. అనూరాధ ఒళ్ళంతా బయటికి వాల్చి, తాడు పళ్ళతో పట్టుకుని, తిప్పలు పడి తెచ్చింది. ర్యాంపుకి తగలగానే దొరబాబు నడుంలోతు నీళ్ళలోకి దూకి పట్టుకున్నాడు.

పోతమ్మ కదల్లేదు. నిలబడ్డ చోటునుంచే అడిగింది.

"పిలిచినావేటే?"

"రెండు మాట్లు పిలిచేనమ్మా. మూడోది పిలవక్కర్లేకపోనాది. పక్కన బరువు తగ్గిపోనాది."

పోతమ్మ ర్యాంపు మీదికి, నీళ్ళ అంచుదాకా దిగొచ్చింది.

"ఎల్తా ఎల్తా కొట్టినాడా?"

అనూరాధ ముఖం మీద ఉప్పునీళ్ళు తుడుచుకుంది. రెండు చెంపలూ తెల్లగా, ఒక్క గీత లేకుండా ఉన్నాయి.

"తిరిగొచ్చేటప్పుడు తాడు తప్పు పట్టుకున్నానమ్మా. పడవ బోల్తా కొట్టబోనాది. పడతాది దెబ్బ, పడతాది దెబ్బ అని కళ్ళు మూసుకున్నాను..."

"ఆఁ?"

"కొట్టలేదమ్మా."

పోతమ్మ ఆ తడి ర్యాంపు మీదే కూలబడిపోయింది.

"అయితే పోనాడు" అంది.